పేరు పెట్టి వెతికించుకునే వ్యాపారం: ర్యాంకుల పరుగు మాని బ్రాండ్‌ను నిలబెట్టుకోవడం ఎలా

వెబ్‌సైట్ ఉన్న ప్రతి వ్యాపారంలోనూ ఎప్పుడో ఒకప్పుడు వినిపించే ప్రశ్న, "గూగుల్‌లో మనం ఎన్నో స్థానంలో ఉన్నాం?" అన్నది. దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. మన పేరు గుర్తుంచుకుని, ఆ పేరే టైపు చేసి, మనల్ని వెతుక్కుంటూ వచ్చేవారు ఎంతమంది? పైకి చూస్తే రెండు ప్రశ్నలూ దగ్గరగానే ఉన్నట్టుంటాయి. మొదటి దానికి జవాబు మన చేతిలో లేని యంత్రాంగం రోజుకో రకంగా నిర్ణయిస్తుంది. రెండో దానికి జవాబు మనం ఇన్నేళ్లుగా వినియోగదారులతో ఎలా నడుచుకున్నామన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

సెర్చ్ ఇంజన్లను అధ్యయనం చేసిన ఆండ్రే బ్రోడర్ 2002లో వెతుకులాటలను మూడు రకాలుగా విడదీశారు: ఏదైనా విషయం తెలుసుకోవడానికి వెతకడం, ఏదైనా పని జరుపుకోవడానికి వెతకడం, ఫలానా చోటికే వెళ్లాలని నిశ్చయించుకుని వెతకడం. మొదటి రెండు రకాల్లో మీరు పదిమంది పోటీదారులలో ఒకరు. మూడో రకంలో వెతికే మనిషి మిమ్మల్ని ఎంచుకోవడం అప్పటికే అయిపోయింది, సెర్చ్ ఇంజన్ కేవలం దారి చూపిస్తోంది. ఈ మూడో రకం వెతుకులాటలను ఏటేటా పెంచుకోవడమే బ్రాండ్ నిర్మాణమని నా అభిప్రాయం. కింద చెప్పే పనులన్నీ దానికోసమే.

ర్యాంకును ఎందుకు నమ్ముకోకూడదు

గూగుల్ సంస్థ 1998లో మొదలైనప్పుడు దాని ప్రత్యేకత, ఒక పేజీకి ఇతర పేజీల నుంచి వచ్చే లింకులను సిఫారసులుగా లెక్కించడం. సిఫారసుకు విలువ ఉందని తెలియగానే దొంగ సిఫారసులు పుట్టుకొచ్చాయి. వాటిని ఏరివేయడానికి గూగుల్ ఏ పేజీ ముందు రావాలో తేల్చే లెక్కలు మార్చడం, కొత్త లెక్కలకు తగినట్టు కొత్త ఉపాయాలు పుట్టడం, వాటికి విరుగుడుగా మళ్లీ లెక్కలు మారడం, పాతికేళ్లుగా సాగుతున్న కథ ఇదే. 2003 నవంబరులో వచ్చిన మార్పు పండుగ అమ్మకాల ముందు ఎన్నో చిన్న దుకాణాలను ఫలితాల నుంచి తుడిచిపెట్టింది. 2011 ఫిబ్రవరిలో వచ్చిన పాండా మార్పు అమెరికాలోని దాదాపు 12 శాతం వెతుకులాటల ఫలితాలను తారుమారు చేసి, సరుకు లేని పేజీలను కిందికి నెట్టింది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన పెంగ్విన్ మార్పు కొనుక్కున్న లింకుల పని పట్టింది. వినియోగదారుకు ఉపయోగపడని రాతలను గుర్తించే వ్యవస్థను 2022 ఆగస్టులో తెచ్చి, 2024 మార్చిలో ప్రధాన లెక్కలోనే కలిపేశారు. అదే ఏడాది మే నెలలో, ఫలితాల పైభాగాన కృత్రిమ మేధ రాసిన సారాంశాన్ని అమెరికాలోని వినియోగదారులందరికీ చూపించడం మొదలుపెట్టారు. దీంతో మొదటి స్థానంలో ఉన్న పేజీ కూడా తెర మీద ఆ సారాంశం కిందికి జారిపోయింది.

పెద్ద సంస్థలకూ ఈ దెబ్బ తప్పలేదు. అమెరికాలోని జేసీ పెన్నీ అనే దుకాణాల సంస్థ 2010 చివరి అమ్మకాల కాలంలో ఎన్నో సరుకుల పేర్లకు మొదటి స్థానంలో కనిపించింది. సంబంధం లేని వేల పేజీల నుంచి దానికి లింకులు పెట్టించిన వైనాన్ని 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. గూగుల్ చర్య తీసుకున్నాక, ఒక సూట్‌కేస్ బ్రాండ్ పేరుతో చేసే వెతుకులాటలో మొదటి స్థానంలో ఉన్న ఆ సంస్థ రెండు గంటల్లో 71వ స్థానానికి పడిపోయింది. నెలల తరబడి డబ్బు పోసి సంపాదించినది రెండు గంటల్లో పోయిందంటే, అది ఆస్తి కింద ఎప్పుడూ లేదనే అర్థం చేసుకోవాలి.

నిజాయితీగా పని చేసిన సైట్లు సైతం ఇలాంటి మార్పులలో నష్టపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి, వారి పట్ల నాకు నిజమైన సానుభూతి ఉంది. ఆ కారణంగానే ఈ మాట గట్టిగా చెబుతున్నాను: తప్పు చేసినా చేయకపోయినా పోయే అవకాశం ఉన్న దాని మీద జీతాలూ అప్పులూ ఆధారపడేలా వ్యాపారాన్ని నడపకూడదు.

ముందు మీ పేరు ఎక్కడుందో చూసుకోండి

పని మొదలుపెట్టే ముందు ఇప్పటి పరిస్థితి తెలియాలి. దానికి ఖరీదైన సాధనాలేవీ అక్కర్లేదు. గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో మీ సైట్‌ను నమోదు చేసుకుని ఉంటే, అది గత 16 నెలల సమాచారాన్ని దాచి ఉంచుతుంది. పనితీరు నివేదిక తెరిచి, కాలవ్యవధిని 16 నెలలకు మార్చండి. ఆ తరువాత ప్రశ్నల (అంటే జనం టైపు చేసిన మాటల) మీద ఫిల్టర్ పెట్టి, అందులో ఒకేసారి చాలా రూపాలను వెతకనిచ్చే రెజెక్స్ అనే ఎంపికను తీసుకుని, మీ సంస్థ పేరును జనం రాసే అన్ని రకాలుగానూ నిలువు గీతతో విడదీస్తూ ఇవ్వండి: కలిపి రాసిన రూపం, విడదీసి రాసిన రూపం, ఒక అక్షరం తప్పుగా రాసిన రూపం, పొట్టి పేరు, ఒకటి కంటే ఎక్కువ లిపుల్లో రాస్తుంటే ఆ రూపాలు కూడా. తప్పు స్పెల్లింగులను వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. మీ పేరు చెవిన పడి, సరిగా గుర్తులేక, అయినా వెతికిన మనిషి ఆ తప్పు స్పెల్లింగులోనే ఉన్నాడు.

ఇప్పుడు కనిపించే క్లిక్కుల సంఖ్యను నెలవారీగా ఒక పట్టికలో రాసుకోండి. ఫిల్టర్‌ను తిరగేసి, పేరు లేని వెతుకులాటల నుంచి వచ్చిన క్లిక్కులను పక్క వరుసలో రాయండి. అరుదైన ప్రశ్నలను గోప్యత కోసం గూగుల్ చూపించదు గనుక ఈ రెండూ కలిపితే మొత్తానికి సరిపోవు. దానికి కంగారు పడనక్కర్లేదు, మనకు కావలసింది వరుసల పోకడ. మొదటి వరుస 16 నెలలుగా ఉన్నచోటే ఉండి, రెండోది మాత్రమే ఎగుడుదిగుడుగా ఉంటే, మీ వ్యాపారం దారిన పోయేవారి మీద నడుస్తోందని అర్థం. మొదటి వరుస మెల్లగానైనా పైకి వెళ్తుంటే, మీకు ఇప్పటికే ఒక బ్రాండ్ మొలకెత్తుతోంది.

ఇంకో చిన్న పరీక్ష కూడా చేయండి. కొత్తగా వచ్చిన ప్రతి కొనుగోలుదారునూ "మా గురించి మీకు ఎలా తెలిసింది?" అని అడిగి, వారు చెప్పిన మాటను చెప్పినట్టే రాసి పెట్టుకోండి. విశ్లేషణ సాధనాలు "నేరుగా వచ్చినవారు" అని చూపించే లెక్కలో మెసేజింగ్ యాప్‌ల నుంచి, ఈమెయిళ్ల నుంచి వచ్చినవారు కూడా కలిసిపోతారు. ఒక స్నేహితుడు పంపిన మెసేజ్ వల్ల వచ్చారా, ఎప్పుడో చూసిన బోర్డు గుర్తొచ్చి వచ్చారా అన్నది ఏ సాధనమూ చెప్పలేదు. ఆ మనిషి ఒక్క ముక్కలో చెప్పగలడు.

ఒక్క మాట ఇవ్వండి, పరీక్షకు నిలిచే మాట ఇవ్వండి

బ్రాండ్ అనగానే చాలామంది లోగో, రంగులు, అక్షరాల తీరు గురించి ఆలోచిస్తారు. వాటి వంతు తరువాత వస్తుంది. ముందు తేల్చుకోవలసింది, మీ పేరు వినగానే జనానికి ఏ ఒక్క విషయం గుర్తుకు రావాలన్నది. ఇక్కడే అసలు కష్టం ఉంది, ఎందుకంటే ఒకదాన్ని ఎంచుకోవడమంటే మిగిలినవాటిని వదులుకోవడమే. నాణ్యత, తక్కువ ధర, వేగం, విస్తృతమైన ఎంపిక, ఆప్యాయత అన్నీ మావే అని చెప్పుకునే సంస్థ గురించి ఎవరికీ ఏదీ గుర్తుండదు.

ఉదాహరణకు నీటి శుద్ధి యంత్రాలను బాగుచేసే ఒక సంస్థను ఊహించుకోండి. దాని వెబ్‌సైట్ మొదటి పేజీలో "అనుభవజ్ఞులైన సిబ్బందితో, సరసమైన ధరలకు, నాణ్యమైన సేవలు" అని రాసి ఉందనుకుందాం. ఈ వాక్యంలో సంస్థ పేరు తీసేసి పోటీదారు పేరు పెడితే ఏమైనా తేడా వస్తుందా? రాదు. అలాంటి వాక్యం ఎంత పెద్ద అక్షరాలతో రాసినా నీటి మీద రాతే. ఇప్పుడు ఆ సంస్థ యజమాని తనకు వచ్చిన గత ఏడాది ఫిర్యాదులన్నీ ముందేసుకుని కూర్చున్నాడనుకోండి. జనం ఎక్కువగా గొణిగింది ధర గురించి కాదని, మనిషి వస్తానన్న సమయానికి రాకపోవడం గురించీ, ఏ భాగం మార్చారో చెప్పకపోవడం గురించీ అని అతనికి కనిపిస్తుంది. అప్పుడతను రాయగలిగిన వాక్యం ఇది: "ఉదయం 9 లోపు ఫోన్ చేస్తే ఆ రోజే వస్తాం. మార్చిన ప్రతి పాత భాగాన్నీ మీ చేతికే ఇచ్చి వెళ్తాం."

ఈ రెండో వాక్యంలో మూడు గుణాలున్నాయి. వినియోగదారుకు నిజంగా బాధ కలిగించే విషయాన్ని అది పట్టుకుంది. నెరవేరిందో లేదో ఎవరైనా తేల్చి చెప్పగలరు. పైగా దాన్ని నెరవేర్చాలంటే సంస్థ లోపల పని తీరు మారాలి: ఉదయం ఫోన్లు తీసే మనిషి, సిబ్బంది రోజువారీ ప్రణాళిక, పాత భాగాలు పెట్టి ఇచ్చే సంచి, అన్నీ ఏర్పాటు కావాలి. లోపల ఏ మార్పూ కోరని వాగ్దానం బయట ఎవరినీ కదిలించదు. మీ వాక్యం రాశాక దాన్ని పోటీదారు పేరుతో చదివి చూడండి. అతను కూడా ఏ ఇబ్బందీ లేకుండా అదే మాట చెప్పగలిగితే, కాగితం చించి మళ్లీ మొదలుపెట్టండి.

వాక్యం దొరికాక దాన్ని సిబ్బందిలో ప్రతి ఒక్కరికీ చెప్పాలి, కారణాలతో సహా చెప్పాలి. ఒక వినియోగదారు మీ సంస్థను కలుసుకునేది ప్రకటనలో కంటే ఎక్కువగా ఫోన్‌లో, బిల్లులో, సరుకు పెట్టెలో, ఆలస్యమైనప్పుడు వచ్చే సమాధానంలో. ఆ కలయికలన్నీ వరుసగా రాసుకుని, మీరిచ్చిన మాటకు ప్రతి చోటా ఏం జరుగుతోందో చూడండి. ఎక్కడైనా మాట తప్పే అవకాశం కనిపిస్తే, ప్రకటనల ఖర్చు ఆపి అయినా ముందు దాన్ని సరిచేయండి. నిలబెట్టుకోలేని మాటను ఎక్కువమందికి వినిపించడం వల్ల నిరాశపడేవారి సంఖ్య మాత్రమే పెరుగుతుంది.

ఫిర్యాదుల విషయంలో ఇంకాస్త ఆగి చెప్పాలి. పొరపాటు జరగని వ్యాపారం లేదు. జరిగినప్పుడు మీరు ఏం చేస్తారో ముందే రాసి పెట్టుకోండి: ఎంతసేపట్లో బదులిస్తారు, ఎవరు బదులిస్తారు, ఎంత మొత్తం వరకు యజమానిని అడగకుండానే సిబ్బంది తిరిగి ఇవ్వవచ్చు. ఈ మూడో అంశం చాలా సంస్థల్లో ఉండదు, అందుకే న్యాయమైన చిన్న ఫిర్యాదు కూడా వారాల తరబడి నలుగుతుంది. తన తప్పు లేకుండా నష్టపోయిన మనిషికి వెంటనే న్యాయం జరిగితే, ఆ మాట అతను పదిమందికి చెబుతాడు. ఆ పదిమందిలో కొందరు రేపు మీ పేరే టైపు చేస్తారు.

పేరు, గుర్తులు, వాటి రక్షణ

పదేళ్ల క్రితం ర్యాంకుల కోసం ఇచ్చిన ఒక సలహా ఇప్పటికీ తిరుగుతోంది: సంస్థ పేరులోనే, డొమైన్‌లోనే (సైట్ చిరునామాలోనే) కీవర్డ్, అంటే జనం వెతికే మాట, ఉండేలా చూసుకోమని. చేసే పని పేరునే సంస్థ పేరుగా పెట్టుకుంటే రెండు చిక్కులు వస్తాయి. ఎవరైనా ఆ మాట టైపు చేస్తే మీతోపాటు మీ పోటీదారులందరూ కనిపిస్తారు. చట్టం కూడా అలాంటి పేరుకు సులభంగా రక్షణ ఇవ్వదు, ఎందుకంటే సరుకును కేవలం వర్ణించే మాటను ఒక్కరి సొంతం చేయడానికి ట్రేడ్‌మార్క్ కార్యాలయాలు సాధారణంగా ఒప్పుకోవు. పలకడానికి తేలికగా, విని రాయడానికి వీలుగా, మరొకరితో కలవకుండా ఉండే పేరు మేలు. దాన్ని ఫోన్‌లో ఒక అపరిచితుడికి ఒక్కసారి చెప్పి, రాయమనండి. సరిగా రాయగలిగితే పేరు పనికొస్తుంది.

పేరు నిర్ణయించుకున్నాక ట్రేడ్‌మార్క్ నమోదు చేయించండి. ట్రేడ్‌మార్క్ నమోదు కోసం చాలా దేశాలు అనుసరించే నీస్ వర్గీకరణలో 45 తరగతులున్నాయి, మొదటి 34 సరుకులకు, మిగిలిన 11 సేవలకు. మీ పని ఏ తరగతిలోకి వస్తుందో, రాబోయే రోజుల్లో ఏ తరగతిలోకి విస్తరించవచ్చో చూసుకుని దరఖాస్తు చేయాలి. ఇంతకుముందే ఎవరైనా ఆ పేరు తీసుకున్నారేమో వెతకడం దరఖాస్తుకు ముందు చేయవలసిన పని, బోర్డులు రాయించాక చేయవలసింది కాదు.

రంగు, గుర్తు, పెట్టె ఆకారం, మాట్లాడే తీరు లాంటివి ఒకసారి స్థిరపడ్డాక మార్చే విషయంలో చాలా జాగ్రత్త అవసరం. ట్రోపికానా సంస్థ 2009 జనవరిలో తన రసం పెట్టెల మీద అందరికీ తెలిసిన నారింజ పండు, స్ట్రా బొమ్మను తీసేసి కొత్త రూపం ఇచ్చింది. లోపలి రసం మారలేదు. అయినా దాదాపు రెండు నెలల్లో అమ్మకాలు సుమారు 20 శాతం పడిపోయాయి, ఫిబ్రవరిలోనే పాత రూపానికి తిరిగి వెళ్తున్నట్టు సంస్థ ప్రకటించింది. అల్మారా ముందు నిలబడిన మనిషి అక్షరాలు చదివి కొనడు, కంటికి అలవాటైనదాన్ని అందుకుంటాడు. మీ గుర్తులు మీకు పాతబడి విసుగు పుట్టించే సమయానికి జనానికి అవి అప్పుడప్పుడే అలవాటవుతుంటాయి.

మీరు మాత్రమే రాయగలిగినది రాయండి

కీవర్డ్ సాధనం తెరిచి, ఎక్కువమంది వెతికే మాట ఎంచుకుని, ఆ మాట మీద మొదటి పది ఫలితాలు చదివి, వాటిని కలిపి పదకొండో వ్యాసం రాయడం ఇన్నాళ్లూ సాగిన పద్ధతి. కృత్రిమ మేధ ఆ పనిని క్షణాల్లో ఉచితంగా చేస్తున్నప్పుడు, మీరు దాని కోసం డబ్బూ సమయమూ పెట్టడంలో అర్థం లేదు. సారాంశంగా కుదించలేనిది, మరొకచోట దొరకనిది మీ దగ్గర ఏముందో చూసుకోండి. ప్రతి వ్యాపారం దగ్గరా అలాంటిది ఉంటుంది: మీ చేతుల మీదుగా వెళ్లిన వందలాది పనుల అనుభవం, ఏ సరుకు ఎన్నాళ్లకు ఎలా పాడవుతుందో మీరు కళ్లారా చూసిన వివరం, మీ ఖాతాదారులు అడిగే అసలు ప్రశ్నలు.

పైన చెప్పిన మరమ్మతు సంస్థ "నీటి శుద్ధి యంత్రం అంటే ఏమిటి" అని రాస్తే అది వేలలో ఒకటి. అదే సంస్థ తాను గత ఏడాది విప్పిన యంత్రాల్లో ఏ భాగం ఎక్కువగా చెడిపోయింది, దానికి నీటి గుణం ఎంతవరకు కారణం, ఏ మరమ్మతు దండగ, ఏ దశలో కొత్తది కొనుక్కోవడం మేలు అని ఫొటోలతో సహా రాస్తే, ఆ రంగంలో మిగిలినవారు సైతం దాన్ని చూపించి మాట్లాడతారు. "కొత్తది కొనుక్కోవడమే మేలు" అని మరమ్మతు చేసేవారే చెప్పడంలో ఉన్న నమ్మకాన్ని ఏ ప్రకటనా కొనలేదు.

రాసినవారి పేరు, వారి అనుభవం పేజీ మీద ఉండాలి. ఫలితాల నాణ్యతను పరిశీలించేవారికి గూగుల్ ఇచ్చే మార్గదర్శకాల్లో నైపుణ్యం, అధికారికత, విశ్వసనీయత అనే మూడింటికి 2022 డిసెంబరులో ప్రత్యక్ష అనుభవాన్ని కూడా చేర్చారు. గూగుల్ చెప్పిందని కాకుండా, చదివేవారికి ఎవరు మాట్లాడుతున్నారో తెలియడం న్యాయం కాబట్టి ఆ పని చేయండి. నెలకు పది పేజీలు నింపడం కంటే, మూడు నెలలకు ఒకటైనా, పదిమంది దాచుకుని మరొకరికి పంపే రచన మీ పేరును ఎక్కువ దూరం తీసుకెళ్తుంది.

మధ్యవర్తి లేని దారి

సెర్చ్ ఇంజన్ గానీ, సోషల్ మీడియా గానీ, మీకూ మీ వినియోగదారుకూ మధ్య నిలబడి ఎవరికి ఏది చూపించాలో తానే నిర్ణయిస్తుంది. ఈమెయిల్ జాబితా, ఫోన్ నంబర్ల జాబితా మాత్రం మీ దగ్గరే ఉంటాయి. మొదటి రోజు నుంచే, అడిగి, అనుమతి తీసుకుని, ఈ జాబితా కట్టుకోండి. కొన్న జాబితాల జోలికి వెళ్లవద్దు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ సంస్థలు పెద్ద ఎత్తున ఉత్తరాలు పంపేవారికి నియమాలు బిగించాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 పైగా పంపేవారు ఉత్తరం నిజంగా మీ నుంచే వచ్చిందని తేల్చే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే ధ్రువీకరణలు మూడూ పెట్టుకోవాలి, ప్రచార ఉత్తరాల నుంచి ఒక్క క్లిక్కుతో వైదొలగే వీలు ఇవ్వాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకుండా చూసుకోవాలి. మీరు పంపేది అంతకంటే చాలా తక్కువైనా ఈ ఏర్పాట్లు చేసుకోవడం మంచిది, ఎందుకంటే మీ పేరుతో వేరెవరో దొంగ ఉత్తరాలు పంపకుండా అడ్డుకునేది కూడా డీమార్కే.

జాబితాలో ఉన్నవారికి పంపే ప్రతి ఉత్తరంలోనూ కొనమనే పిలుపు ఉండనక్కర్లేదు. కొన్న వస్తువును ఎలా ఎక్కువకాలం వాడుకోవాలో చెప్పే ఉత్తరం, అమ్మకానికి ఏ సంబంధమూ లేకపోయినా, మీ పేరును కళ్ల ముందు ఉంచుతుంది.

ఇతరుల నోట మీ మాట

సమీక్షల గురించి సూటిగా చెబుతాను: కొనవద్దు, రాయించవద్దు, బంధువులతో పెట్టించవద్దు. ఇది నైతిక విషయమే కాదు, చట్టపరమైన విషయం కూడా. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దొంగ సమీక్షలను నిషేధిస్తూ చేసిన నియమం 2024 అక్టోబరులో అమల్లోకి వచ్చింది, ఉల్లంఘనలకు జరిమానాలున్నాయి. పని పూర్తయిన వెంటనే నిజమైన వినియోగదారును నిజమైన అభిప్రాయం అడగండి, సంతోషంగా ఉన్నవారిని మాత్రమే ఏరుకుని అడగవద్దు. చెడ్డ సమీక్షకు ఇచ్చే సమాధానాన్ని ఆ రాసిన మనిషి ఒక్కడే చదవడు, రేపు మిమ్మల్ని ఎంచుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్న ప్రతి ఒక్కరూ చదువుతారు. అందుకని వాదన పెట్టుకోకుండా, ఏం జరిగిందో, ఏం సరిచేశారో రెండు వాక్యాల్లో చెప్పండి.

లింకుల కోసం వెచ్చించే డబ్బును, మీ గురించి ఎవరైనా రాయదగ్గ పని చేయడానికి వెచ్చించండి. మీ రంగంలోని సమావేశంలో మాట్లాడటం, విద్యార్థులకు శిక్షణ ఇవ్వడం, మీరు సేకరించిన సమాచారాన్ని విలేఖరులకు అందుబాటులో ఉంచడం లాంటివి చేసినప్పుడు లింకులు వాటంతట అవే వస్తాయి. లింకు లేకుండా ఉత్త పేరే ప్రస్తావించినా విచారించవద్దు, చదివినవారు ఆ పేరు వెతుక్కుంటారు.

డబ్బు ఎలా విడదీయాలి

ఈ అంశంపై ప్రచార రంగంలో మంచి ఆధారాలే ఉన్నాయి. బ్రిటన్‌లో వందలాది ప్రచార కార్యక్రమాల ఫలితాలను పరిశీలించిన లెస్ బినే, పీటర్ ఫీల్డ్ అనే పరిశోధకులు, సగటున దాదాపు 60 శాతం బ్రాండ్‌ను నిర్మించే పనులకు, 40 శాతం తక్షణ అమ్మకాలకు కేటాయించడం మేలైన నిష్పత్తి అని 2013లో తేల్చారు. అడిడాస్ సంస్థ దీనికి చాలా దూరంగా, 23 శాతం బ్రాండ్‌కు, 77 శాతం తక్షణ అమ్మకాల ప్రకటనలకు ఖర్చు చేస్తూ వచ్చిందని, తీరా లెక్కలు తీస్తే అమ్మకాల్లో 65 శాతం బ్రాండ్ ప్రచారం వల్లే వస్తున్నట్టు తేలిందని ఆ సంస్థ ప్రచార మాధ్యమాల అధికారి సైమన్ పీల్ 2019లో బహిరంగంగా చెప్పారు. చివరి క్లిక్కును మాత్రమే లెక్కించే సాధనాలు, ఆ క్లిక్కు దాకా మనిషిని తీసుకొచ్చినదాన్ని లెక్కలోకి తీసుకోవు.

ఆన్‌లైన్ అమ్మకాల వేదిక ఈబే చేసిన ప్రయోగం ఇంకా స్పష్టంగా ఉంటుంది. తన సొంత పేరు మీద ఇచ్చే సెర్చ్ ప్రకటనలను 2012లో కొన్నిచోట్ల ఆపివేస్తే, పోయిన క్లిక్కుల్లో 99.5 శాతం ఉచిత ఫలితాల ద్వారా తిరిగి వచ్చాయి. పేరు తెలిసి వెతికినవారు ప్రకటన లేకపోయినా వచ్చారు. సరుకు పేర్ల మీద ఇచ్చిన ప్రకటనలు కొత్తవారిని, అరుదుగా కొనేవారిని తీసుకొచ్చాయి గానీ, తరచుగా కొనేవారి మీద వాటి ప్రభావం కనిపించలేదు. ప్రయాణికులకు ఇళ్లు అద్దెకు ఇప్పించే ఎయిర్‌బీఎన్‌బీ విషయంలోనూ, కోవిడ్ మహమ్మారి కాలంలో ప్రచారం దాదాపు ఆపేసినా ముందటి ఏడాది సందర్శనల్లో 95 శాతం నిలిచాయని దాని అధినేత బ్రయాన్ చెస్కీ చెప్పారు.

ఇవన్నీ పెద్ద సంస్థల లెక్కలు. ఇంకా ఎవరికీ తెలియని వ్యాపారం మొదటి రోజే ప్రకటనలు మానేస్తే మూతపడుతుంది. సొంత పేరు మీద పోటీదారు ప్రకటనలు ఇస్తున్న చోట కూడా ఈబే ఫలితాన్ని గుడ్డిగా పాటించకూడదు. నేను సూచించే పద్ధతి ఏమిటంటే, ఇప్పుడు ర్యాంకుల కోసం, క్లిక్కుల కోసం పెడుతున్న మొత్తంలో ఐదో వంతు తీసి ఏడాదిపాటు పైన చెప్పిన పనులకు మళ్లించండి: మాట నిలబెట్టుకోవడానికి కావలసిన ఏర్పాట్లు, ఒకటి రెండు లోతైన రచనలు, ఉత్తరాల జాబితా. సెర్చ్ కన్సోల్‌లో మీ పేరు వరుస పెరుగుతున్న కొద్దీ ఆ వంతును పెంచుతూ పోండి. మొదటి మూడు నెలల్లో ఏ మార్పూ కనిపించకపోవచ్చు, ఆ కారణంతో ఆపవద్దు.

సెర్చ్‌లో వదిలేయకూడనివి

ర్యాంకుల వెంట పడవద్దంటే సెర్చ్‌ను పట్టించుకోవద్దని కాదు. మీ పేరు టైపు చేసినవారికి మొదటి ఫలితంగా మీ సైటే రావాలి, ఆ పేజీ ఫోన్‌లో త్వరగా తెరుచుకోవాలి, చిరునామా, పనివేళలు, ఫోన్ నంబరు అన్ని చోట్లా ఒకేలా ఉండాలి. సైట్‌లో స్కీమా అనే సంకేత పద్ధతిలో సంస్థ పేరు, లోగో, ఇతర వేదికల మీది అధికారిక ఖాతాల లింకులు చేర్చితే, అవన్నీ ఒకే సంస్థవని సెర్చ్ ఇంజన్లు గుర్తించడం తేలికవుతుంది. పేరు పక్కన "ఫిర్యాదు", "నిజమేనా", "డబ్బు వాపసు" లాంటి మాటలు చేర్చి జనం ఏం వెతుకుతున్నారో కూడా చూసి, ఆ ప్రశ్నలకు మీ సైట్‌లోనే నిజాయితీ గల జవాబు పేజీలు పెట్టండి. ఒకసారి శ్రద్ధగా చేస్తే ఆపైన ఏడాదికి రెండుసార్లు చూసుకుంటే సరిపోయే పనులివి.

ర్యాంకు పడిపోయిన రోజు

అది ఏదో ఒక రోజు పడిపోతుంది. ఆ రోజు ముందుగా మీ పట్టికలోని రెండు వరుసలనూ విడివిడిగా చూడండి. పేరు లేని వెతుకులాటలు మాత్రమే తగ్గి, పేరుతో వచ్చేవి నిలకడగా ఉంటే, లెక్కలు మారాయని అర్థం. రెండు మూడు వారాలు ఆగి, మార్పు పూర్తిగా అమలయ్యాక ఏ పేజీలు పడ్డాయో చూసి, వాటిలో నిజంగా సరుకు లేనివాటిని తీసేయండి లేదా తిరిగి రాయండి, మిగిలినవాటిని ముట్టుకోవద్దు. పేరుతో వచ్చేవి కూడా తగ్గుతుంటే, ముందు సైట్ సాంకేతికంగా సరిగా పనిచేస్తోందో లేదో, గూగుల్ నుంచి చర్య నోటీసు ఏమైనా వచ్చిందో చూడండి. అక్కడేమీ లేకపోతే సెర్చ్ నివేదికలు మూసేసి, గత ఆరు నెలల ఫిర్యాదుల పుస్తకం తెరవండి, మానేసిన ఖాతాదారుల్లో కొందరికి మీరే స్వయంగా ఫోన్ చేసి ఎందుకు మానేశారో అడగండి.